ఫసలీ 1359 కోసం మూడు మంగళవారాలు

విశాఖలో పాత ప్రభుత్వ రికార్డులు చూసుకునే గదికి వెళ్లిన మొదటి మంగళవారం నన్ను ఆపింది గేటు దగ్గర కాదు, లోపల రెండో బల్ల దగ్గర. మా గైడుగారి ఉత్తరం, ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు అన్నీ తీసుకెళ్లాను. ఉత్తరంలో ‘పరిశోధన నిమిత్తం రికార్డులు చూసేందుకు అనుమతించగలరు’ అని ఒక్క వాక్యం ఉంది. బల్ల వెనకున్న అమ్మాయి దాన్ని రెండుసార్లు చదివి, “ఏ రికార్డులు మేడమ్? ఏ ఏళ్లవి?” అంది.

“చెరువులవి,” అన్నాను.

ఆ మాట ఎంత అమాయకంగా ఉందో నాకప్పుడు తెలియలేదు. విషయం ఏమిటో, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకో ఉత్తరంలో ఉంటేనే పాసు ఇస్తారట. స్కూల్లో అరపూట సెలవు పెట్టి, జగదాంబ దగ్గర ట్రాఫిక్‌లో ముప్పావుగంట కూర్చుని వెళ్తే ఇదీ ఫలితం. ఇంటికొచ్చి చాలాసేపు విసుక్కున్నాను. తప్పు నాదే అని ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

ఇంతకీ నేను వెతుకుతున్నది మా అమ్మమ్మ ఊరి చెరువు. భీమిలి దాటి లోపలికి వెళ్లాలి. ఇప్పుడది సగం లేఅవుటు, సగం తుంగ. “మా సిన్నతనంలో ఆ సెరువు నిండితే రెండు కార్లు పండేది,” అంటుంది అమ్మమ్మ. అంటే ఏడాదికి రెండు పంటలు. ఆ ఊరు విజయనగరం సంస్థానం కింద ఉండేది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో అలాంటి ఊళ్లు, వాటితోపాటు చెరువులూ పోరంబోకులూ ప్రభుత్వానికి వచ్చేశాయి. అలా చేతులు మారినప్పుడు చెరువుల బాగోగులు ఎవరు చూశారన్నది నా పరిశోధనలో ఒక అధ్యాయం. విశాఖ 1953 అక్టోబరు దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది కాబట్టి పైస్థాయి కాగితాలకు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్లక తప్పదు. జిల్లా స్థాయివి చూసుకోవడానికి మన ఊళ్లోనే కొత్తగా ఒక గది తెరిచారంటే ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

రెండో మంగళవారం పాసు చేతికొచ్చింది. బ్యాగు, పెన్ను, మంచినీళ్ల సీసా లాకర్లో పెట్టేయాలి. లోపలికి పెన్సిలు, తెల్లకాగితాలు, ఫోన్ మాత్రమే. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. గాల్లో తేమ లాగే యంత్రం ఒక మూల గుర్రుమంటోంది. సముద్రం పక్క ఊళ్లో కాగితాలకు అదే ప్రాణం. కంప్యూటర్ ముందు కూర్చుని ఊరి పేరు కొట్టాను. ఏమీ లేదు. ఇంగ్లీషువాళ్ల స్పెల్లింగులు నాలుగు రకాలు ప్రయత్నించాను. ‘చెరువు’ అని కొట్టాను. ఏదో వేరే తాలూకాలో చేపల వేలం ఫైలు ఒకటి వచ్చింది, అంతే. హళ్లికి హళ్లి, సున్నకు సున్న.

గంటన్నర తర్వాత వెనక నుంచి ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డారు. తాలూకా ఆఫీసు రికార్డు రూములో పనిచేసి రిటైరైతే, ఇక్కడ మళ్లీ పెట్టుకున్నారట. అందరూ బాబాయ్ అంటున్నారు, నేనూ అలాగే పిలిచాను.

“ఊరి పేరు కొడితే ఏటి దొరుకుతాదమ్మా?” అన్నారు. “ఫైలు రాసినోడు ఊరి కోసం రాయలేదు. ఆఫీసు కోసం రాసేడు. ముందు ఏ ఆఫీసో చెప్పు, తర్వాత ఏ ఫసలీయో చెప్పు.”

ఈ గదికి వెళ్లబోయే వాళ్లెవరైనా ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. మనం విషయంతో వెతుకుతాం. అక్కడ కట్టలు పేర్చింది విషయాన్ని బట్టి కాదు, అవి పుట్టిన కార్యాలయాన్ని బట్టి. చెరువు ఒకటే అయినా కొలత, భూములు కొలిచి శిస్తు ఖరారు చేసే సెటిల్‌మెంటు వాళ్ల దగ్గర, శిస్తు తాలూకాలో, మరమ్మతు ఇంకెక్కడో ఉంటాయి. పైగా రెవెన్యూ లెక్కలన్నీ ఫసలీల్లోనే. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం, జులై 1న మొదలవుతుంది. జులైలో నడుస్తున్న క్రీస్తుశకం సంవత్సరంలోంచి 590 తీసేస్తే ఫసలీ వస్తుంది. అంటే 1949 జులై నుంచి 1950 జూన్ దాకా ఫసలీ 1359. నేను పట్టుకెళ్లిన సంవత్సరాలన్నీ జనవరి నుంచి డిసెంబరు లెక్కవి. ఆ కూడికలు తీసివేతలు పెన్సిలుతో మళ్లీ చేసుకున్నాను.

ఆ రోజే ఇంకో సంగతి తెలిసి గుండె జారింది. పని పూర్తయిన ఫైలు మీద అప్పట్లోనే ముద్ర పడుతుంది. ‘ఆర్.డిస్.’ అంటే ఎప్పటికీ ఉంచాల్సినది. ‘డి.డిస్.’ అంటే పదేళ్లు ఉంచి తీసేయాల్సినది. చిన్న చిన్న మరమ్మతుల ఫైళ్లు ఎక్కువగా రెండో రకమేనట. “అయితే తగలబెట్టేశారా బాబాయ్?” అంటే, “రూలు ప్రకారమే కదమ్మా,” అన్నారు నెమ్మదిగా. రూలు ప్రకారమే. ఏ గుమాస్తా కోపంతోనూ కాల్చలేదు, ఏ తుపానులోనూ కొట్టుకుపోలేదు. అయినా మింగుడుపడలేదు.

మిగిలింది రిజిస్టర్లు. ఫలానా రిజిస్టరు కావాలని అడిగే చీటీలు రోజుకు మూడే రాయాలి, మధ్యాహ్నం మూడు దాటితే చీటీ తీసుకోరు, శనివారం సెలవు. ఈ పద్ధతి పెట్టినవాళ్లు ఉద్యోగాలు చేసుకుంటూ చదివేవాళ్లని ఊహించినట్టు లేరు. నెలకు ఒక్క శనివారం తెరిచినా నాబోటి వాళ్లు బతికిపోతారు. ఆ మాట సలహాల పుస్తకంలో రాసి వచ్చాను.

మూడో మంగళవారం, ఊళ్లు చేతులు మారిన కాలపు ఫసలీ 1359 రిజిస్టరు బల్ల మీదికి వచ్చింది. సినిమాల్లో చూసి తెల్ల గ్లౌజులు కొనుక్కెళ్లాను. బాబాయ్ వాటిని చూసి నవ్వి, “అవి ఫొటోలకమ్మా. కాయితానికి ఒట్టి చేతులే మేలు, కడుక్కుని తుడుచుకుని రా,” అన్నారు. గ్లౌజు వేసుకుంటే అంచు వేళ్లకి తెలియదు, తిప్పేటప్పుడు చిరిగిపోతుంది. పుస్తకం కింద మెత్తటి దిండు పెట్టారు, ఎగిరే పేజీ మీద ఇసుక తిత్తి లాంటి బరువు పెట్టారు. జిరాక్సు ఇవ్వరు. ఫారం నింపి, రుసుము కట్టి, ఫ్లాష్ ఆపేసి ఫోన్‌తో తీసుకోవచ్చు.

చదవడమే అసలు కష్టం. కరణంగారి గొలుసుకట్టు రాత. పదానికీ పదానికీ మధ్య ఖాళీ లేదు, కలం ఎత్తినట్టే లేదు. అంకెలు తెలుగువి. మొదటి గంటలో నాకు అర్థమైంది పై వరుసలోని శీర్షికలు, ఒక కాఫీ మరక. కరణాల వ్యవస్థ 1984లో పోయింది, ఈ రాత గడగడా చదివేవాళ్లూ ఏటికేడు తగ్గిపోతున్నారు. బాబాయ్ పక్కన కూర్చుని ఒక పేజీ చదివి వినిపించారు. రెండో పేజీ నేను తడుముకుంటూ చదివాను. మూడో పేజీలో చెరువు దొరికింది.

అమ్మమ్మ చెప్పే పేరుతో కాదు. మా వాళ్లెవరూ అనని ఇంకేదో పేరు. పక్క సర్వే నంబర్లను, దిక్కులను పోల్చుకుంటే గానీ అదేనని నమ్మకం కుదరలేదు. నలభై ఎకరాల పైచిలుకు, చెరువు పోరంబోకు. చివరి గడిలో చిన్న అక్షరాలతో ‘పడమర గట్టు గండి, మరమ్మతు లేదు’.

సాయంత్రం 900కె బస్సులో నిలబడే అమ్మమ్మకి ఫోన్ చేశాను. ఇప్పుడు ఆవిడకి తొంభై ఆరు. గండి గురించి చెప్పగానే, “అది మాకు తెలీదేటే?” అంది. “బాంబులు పడ్డ ఏటికి మరుసటి ఏడు తెగిపోనాది. టౌను జనం బళ్లు కట్టుకుని మనూరొచ్చీసినారు సూడు, దాని మరుసటి ఏడు.”

విశాఖ మీద జపాను బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. మరుసటి ఏడాది వానాకాలమంటే 1943. టికెట్టు వెనక తీసివేత వేశాను. ఫసలీ 1353. కానీ అప్పటికి చెరువు సర్కారుది కాదు, సంస్థానానిది. అంటే గండి గురించి ఎవరైనా ఏమైనా రాసి ఉంటే తాలూకా ఆఫీసు కాదు, ఎస్టేటు కచేరీ రాసి ఉండాలి.

మర్నాడు ఫోన్ చేసి బాబాయ్‌ని అడిగాను, ఎస్టేటు అప్పగించిన కాగితాలు ఏమైనా మీ దగ్గరికి వచ్చాయా అని.

“ఎర్ర గుడ్డ కట్టలు కొన్ని ఉన్నాయమ్మా. ఇంకా ఇప్పలేదు,” అన్నారు. “నీ పేరు రాసి పెట్టమంటావా?”

“రాయండి బాబాయ్. విషయం దగ్గర చెరువు అని కాదు, ఎస్టేటు కచేరీ, ఫసలీ 1353 అని రాయండి.”