టేకు బాస్ గిటార్, సిటీ షాపు, రెండు వైర్లు: నా అనుభవం

టేకుతో సొంతంగా చేసుకున్న నా బాస్ (మంద్ర స్వరాలు పలికే నాలుగు తీగల) గిటార్‌లో హమ్, అంటే వాయించకపోయినా స్పీకర్‌లో గుర్రుమనే సౌండు, నిన్న రాత్రి పోయింది. రెండు వైర్లు విప్పి మార్చి అతికించాను, అంతే. కానీ అక్కడి దాకా రావడానికి నేను పడ్డ అవమానం ఇంకా కడుపులో మండుతూనే ఉంది, అందుకే ఆ వేడి తగ్గకముందే రాసేస్తున్నాను. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు బాస్ వాయించేవాళ్లు, సొంతంగా చేసుకుందామనుకునేవాళ్లు కాస్త ఓపికగా చదవండి.

కాశిబుగ్గలో మాది మోటార్ వైండింగ్ షాపు, నాన్న పెట్టింది. నర్సంపేట, పరకాల వైపు రైతులు బోరు మోటార్లు కాలిపోతే మా దగ్గరికి తెస్తారు. పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాలో బాస్ వాయిస్తాను. మా వైపు ఆర్కెస్ట్రాల్లో అసలు బాస్ గిటార్ ఉండటమే తక్కువ, కీబోర్డు వాయించేవాడే ఎడమ చేత్తో బాస్ నొక్కేస్తాడు, ఓనర్‌కు ఒక మనిషి డబ్బులు మిగులుతాయి. బాస్‌కు మర్యాద ఉన్నది చర్చిల్లోనే. నేను నేర్చుకున్నది కూడా కాజీపేటలో చర్చి కోయర్‌లో వాయించే అన్నల దగ్గరే.

గిటార్ తయారీలో చాలా పనులు సాఫీగా అయిపోయాయి. పరకాల దగ్గర ఓ పాత ఇల్లు కూలగొడితే టేకు దూలం దొరికింది. నెక్ ఆన్‌లైన్‌లో రెడీమేడ్‌గా తెప్పించాను, 34 అంగుళాల స్కేలు (మోగే తీగ పొడవు), 20 ఫ్రెట్లు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్ములు). బాడీ మా వీధి వడ్లాయన చేశాడు. ఆయన జీవితంలో గిటార్ పట్టుకోలేదు, అయినా నెక్ కూర్చునే గాడి ఎలా చెక్కాడంటే పక్కన పోస్ట్‌కార్డు కూడా దూరదు. టేకులో నూనె ఉంటుంది కాబట్టి రెండు చెక్కలు అతికించే ముందు అసిటోన్‌తో గట్టిగా తుడవాలి, లేకపోతే కొన్నాళ్లకు అతుకు ఊడుతుంది. ఇంకోటి, టేకు బరువు. 45 మిల్లీమీటర్ల మందం ఉంచితే భుజం పడిపోతుంది, లోపల బోలు తీయించండి. బాడీ మీద తీగలు కట్టే బ్రిడ్జి ఎక్కడ పెట్టాలో పెద్ద లెక్కేం లేదు, నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) నుంచి 12వ ఫ్రెట్‌కు 17 అంగుళాలు, అక్కడి నుంచి శాడిల్‌కు (బ్రిడ్జి మీద తీగ ఆనే చోటు) మళ్లీ 17, దానికి రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ జరిపే వీలు ఉంచుకోవాలి.

పికప్ (తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం, కాయిల్) మాత్రం నేనే చుట్టాను, ఈ మాట గర్వంగానే చెప్తున్నాను. నాకు కావలసింది ప్రెసిషన్ బాస్ సౌండు. అమెరికాలో గిటార్లు చేసిన లియో ఫెండర్ 1951లో తెచ్చిన ఆ బాస్‌కు 1957లో పికప్ మార్చారు, ఒకే కాయిల్ బదులు రెండు ముక్కలు, లావు తీగలు రెంటికీ ఒకటి, సన్న తీగలు రెంటికీ ఒకటి. ఒక్కో కాయిల్‌కు 42 గేజి రాగి తీగ దాదాపు 10,000 చుట్లు పడుతుంది. తీగ మందం 0.063 మిల్లీమీటర్లు, అంటే తలవెంట్రుకంత. ఒక్క కాయిల్‌లోనే కిలోమీటరుకు కొంచెం తక్కువ తీగ పోతుంది. మేం రోజూ చుట్టే మోటారు తీగ దీని ముందు తాడులా ఉంటుంది. కౌంటరు ఉన్న మా చుట్టే మిషను మీదే, రాత్రిళ్లు షాపు షట్టర్ దించి, వేళ్ల మధ్య తీగను ఊపిరి బిగబట్టి వదులుతూ చుట్టాను. రెండూ తెగకుండా వచ్చాయి, కలిపి కొలిస్తే 11 కిలో ఓమ్‌లు. మోటారు పనిలో చేసినట్టే మొదలుకు ఎర్ర స్లీవు, చివరకు నల్ల స్లీవు వేశాను. రెండూ ఒకే దిక్కుకు చుట్టి, అయస్కాంతాలు మాత్రం ఒకదాంట్లో ఉత్తరం పైకి, రెండోదాంట్లో దక్షిణం పైకి పెట్టి, మొదలుకు మొదలు కలిపాను. చివరలు రెండూ బయటికి తీశాను. దీన్ని గుర్తుపెట్టుకోండి, కథంతా ఇక్కడే ఉంది. ఆంప్‌కు (సౌండు పెంచే పెట్టె) పెడితే హమ్ చుక్క లేదు, షాపులో పక్కనే మోటారు టెస్టింగ్ నడుస్తున్నా సరే.

ఒక్కటే లోపం, నెక్ మీద 7, 9 ఫ్రెట్లు కొంచెం ఎత్తుగా ఉండి తీగ తగిలి జర్రుమనేది. ఫ్రెట్ లెవెలింగ్‌కు వేరే ఆకురాళ్లు, వేరే స్కేలు కావాలి, ఇక్కడ చేసేవాళ్లు నాకు దొరకలేదు. అందరూ చెప్పిన ఒక సిటీ షాపుకు తీసుకెళ్లాను. పేరు రాయను. "మొత్తం చూసి ఇస్తాం" అన్నారు, డబ్బు కట్టి వచ్చాను. తిరిగి చేతికొచ్చాక చూస్తే ఫ్రెట్ల పని నిజంగా బాగుంది, ఆ విషయంలో అబద్ధం చెప్పను. కానీ నేను అడగకుండానే పికప్ విప్పారు, వాల్యూమ్ పాట్ (సౌండు తిప్పే గుండీ కింది భాగం) మార్చారు, బిల్లులో రీవైరింగ్ అని రాసి దానికీ డబ్బు తీసుకున్నారు.

ఆ వారమే హసన్‌పర్తి వైపు ఒక పెళ్లి. ఫంక్షన్ హాల్లో ప్లగ్ పెట్టగానే గుర్రుమని మొదలైంది. సౌండ్ చెక్‌కు టైం లేదు, జనం వచ్చేశారు. మొదటి పాట జి శ్రుతిలో. బాస్ వాయించేవాళ్లకు తెలుసు, లావు తీగ మీద మూడో ఫ్రెట్ జి స్వరం 49 హెర్ట్జ్. మన కరెంటు 50 హెర్ట్జ్. ఒక్క హెర్ట్జ్ తేడాతో ఆ రెండూ కలిస్తే సౌండు సెకనుకు ఒకసారి ఉబ్బి తగ్గుతూ ఊగుతుంది. ప్రతి చరణంలో నేను జి దగ్గరికి వచ్చినప్పుడల్లా స్టేజి కింద స్పీకర్లు ఊగుతున్నాయి, పెళ్లికొడుకు తరఫు పెద్దమనిషి ఒకాయన చెవి మీద చెయ్యి పెట్టుకొని నన్నే చూస్తున్నాడు. రెండో పాట మధ్యలో ఓనర్ స్టేజి మీదికే వచ్చి మైకుకు దగ్గరలో "ఆ గుర్రుమనేది బంద్ చెయ్ తమ్మీ" అని వైరు ఆయనే పీకేశాడు. మిగతా ప్రోగ్రాం అంతా కీబోర్డు ఎడమ చెయ్యే బాస్ వాయించింది. నేను గిటార్ మెడలో వేసుకొని పక్కన నిలబడ్డాను, దిగి వెళ్లిపోతే ఇంకా బాగోదని. ఆ రాత్రి నాకు సగం డబ్బులే ఇచ్చారు.

మళ్లీ ఆ షాపుకు వెళ్లాను. మా మేనల్లుడు కూడా వచ్చాడు, ఇంటర్ చదువుతున్నాడు, ఈ గిటార్ సాండింగ్‌లో సగం పని వాడిదే. కౌంటర్‌లో ఉన్నాయన వాళ్ల ఆంప్‌కే పెట్టి విన్నాడు, అక్కడా గుర్రుమంది. వైరింగ్ వైపు చూడనే లేదు. "అన్నా, టేకుతోటి మంచాలు చేస్తరు, గిటార్లు చేస్తరా?" అన్నాడు. టేకులో నూనె ఉంటుంది కాబట్టి ఈ సౌండు వస్తుందట. తర్వాత వరంగల్‌లో ఎర్తింగ్ సరిగ్గా ఉండదు, అక్కడి కరెంటే అంత అన్నాడు. గిటార్ ఆ నిమిషంలో గుర్రుమంటున్నది సిటీలో, ఆయన షాపులో, ఆయన ఆంప్‌లో! నేను అదే మాట అంటే లోపలి కుర్రాళ్లను పిలిచి "రండిరా, వరంగల్ ఫెండర్ చూడండి" అన్నాడు. వాళ్లలో ఒకడు ఫోన్ తీసి వీడియో తీశాడు. చివరికి ఫారిన్ పికప్ వేయించుకో, లేదా ఇది అమ్మేసి మంచి బాస్ కొనుక్కో, ఎక్స్‌ఛేంజ్‌లో చెక్క ధర ఇస్తా అన్నాడు. బస్సులో మేనల్లుడు "మామా, నువ్వు చుట్టిందే అని గట్టిగా చెప్పాల్సింది కదా" అన్నాడు. చెప్పడానికి చేతిలో రుజువు ఉండాలి. అప్పటికి నా దగ్గర లేదు.

రుజువు కోసం కూర్చున్నాను. తీగల మీద చెయ్యి పెడితే హమ్ తగ్గడం లేదు. తగ్గితే అది ఎర్త్ సమస్య, షీల్డింగ్ (వైరింగ్ చుట్టూ వేసే లోహపు తొడుగు) సమస్య. ఇక్కడ తగ్గదు, కానీ గిటార్ పట్టుకొని నిలబడ్డచోటే పక్కకు తిరిగితే మారుతోంది, ఒక దిక్కుకు దాదాపు ఆగిపోతుంది, ఇంకో దిక్కుకు పెరుగుతుంది. అంటే గాలిలోని అయస్కాంత క్షేత్రాన్ని కాయిల్ నేరుగా పట్టుకుంటోంది. బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్ తీసుకొని బావ వాళ్ల పొలానికి వెళ్లాను. కరెంటు తీగలకు దూరంగా చేను మధ్యలో పూర్తిగా నిశ్శబ్దం, ట్రాన్స్‌ఫార్మర్ వైపు నడిచే కొద్దీ గుర్రుమనడం పెరిగింది. ఆంప్ బ్యాటరీ మీద ఉంది, ఇక ఎర్తింగ్ ఎక్కడిది? చెక్కకు దీంతో ఏ సంబంధమూ లేదు, చేను మధ్యలో కూడా అదే టేకు.

అప్పుడు వెలిగింది. త్రీ ఫేజ్ మోటార్‌లో ఒక ఫేజ్ కాయిల్ మొదలు చివర తారుమారైతే ఏమవుతుంది? మోటారు సరిగ్గా తిరగదు, గుర్రుమంటూ వేడెక్కుతుంది. మా షాపుకు వచ్చే మోటార్లలో ఈ కేసు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. దాన్ని పట్టుకోవడానికి మేం వాడేది పాత సూది మీటరు. అదే తీశాను. గిటార్ జాక్‌కు మీటరు కలిపి, డీసీలో అన్నిటికన్నా చిన్న రేంజ్ పెట్టి, వాల్యూమ్ నిండా తిప్పి, ఇనుప స్క్రూడ్రైవర్‌ను లావు తీగల కాయిల్ అయస్కాంతం మీద ఆనించి చటుక్కున పైకి లాగాను. సూది కుడికి కొట్టింది. సన్న తీగల కాయిల్ మీద అలాగే లాగాను. ఎడమకు కొట్టింది. రెండూ ఒకే వైపు కొట్టాలి. మళ్లీ చేశాను, అదే. పికప్ విప్పితే నా ఎర్ర నల్ల స్లీవులు లేవు, అన్నీ కోసేసి నీటుగా కనపడాలని ఒకే రకం నల్ల స్లీవు వేశారు, ఒక కాయిల్ మొదలును రెండో దాని చివరకు కలిపారు.

కారణం తెలియాలనుకునేవాళ్లకు చెప్తాను. బయటి కరెంటు హమ్ రెండు కాయిళ్లలోనూ సమానంగా పుడుతుంది. కాయిళ్లను ఎదురెదురుగా కలిపితే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. తీగ కదిలినప్పుడు పుట్టే సిగ్నల్ మాత్రం చావదు, ఎందుకంటే అయస్కాంతం కూడా తిరగబడి ఉంది. వాళ్లలా ఒక కాయిల్ తారుమారు చేస్తే హమ్ చావకపోగా రెండు కాయిళ్లదీ కలిసి రెట్టింపు అవుతుంది. ఘోరం ఏంటంటే బాస్ సౌండు మాత్రం ఏమాత్రం చెడదు, ఒక్కో తీగ కింద ఒక్క కాయిలే ఉంటుంది కదా. అందుకే చెవికి దొరకదు. ఓమ్‌లు కొలిచినా దొరకదు, తిప్పి కలిపినా 11 కిలో ఓమ్‌లే. వైర్లు మార్చి అతికించాను, సూది రెండుసార్లూ కుడికే కొట్టింది, ఆంప్ ఆన్ చేస్తే గుర్రుమనడం లేదు. మేనల్లుడు షట్టర్ మీద చెయ్యేసి కొట్టాడు సంతోషంతో.

రిపేరుకు ఇచ్చే ముందు వైరింగ్ ఫోటో తీసుకోండి. ఏ పని చెయ్యాలో చీటీ మీద రాసి, అది తప్ప ఇంకేదీ ముట్టొద్దని సంతకం తీసుకోండి. వెనక్కి ఇచ్చేటప్పుడు అక్కడే ఆంప్‌కు పెట్టి, ట్యూబ్‌లైట్ దగ్గర నిలబడి నాలుగు వైపులా తిరిగి వినండి, వాళ్లు ముఖం మాడ్చుకున్నా సరే. ఫ్రెట్లు సిటీలో చేయించుకోండి, వైరింగ్ మాత్రం చేయించుకోవద్దు. ఎండాకాలం నెక్ కదిలితే ట్రస్ రాడ్ (నెక్ లోపలి ఇనుప కడ్డీ) ఒక్కసారికి పావు తిప్పు మించకుండా మీరే సరిచేసుకోండి, దానికి డబ్బులు అడిగేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. ఇక టేకు సంగతి. వీణకు పనస చెక్క వాడాలని మన వాళ్లు ఎవరి దగ్గర అనుమతి తీసుకున్నారు? దూలం మోసిన చెక్క, దాన్ని చెక్కిన వడ్లాయన, తీగ చుట్టిన చెయ్యి, ఇవన్నీ ఈ నేల మీదివే. చూడకుండా నవ్వేవాడి దగ్గర మన పని పెట్టడమే దండగ.

పొద్దున ఓనర్‌కు ఫోన్ చేసి హమ్ లేకుండా వినిపించాను. ములుగులో వచ్చే ప్రోగ్రాంకు బాస్ ఉంటుందన్నాడు, ఈసారి పూర్తి డబ్బులు ముందే మాట్లాడుకున్నాను. రీవైరింగ్ బిల్లు దాచాను, సూది మీటరు పట్టుకొని వెళ్లి ఆ డబ్బు వెనక్కి అడుగుతాను, మేనల్లుడిని కూడా తీసుకెళ్తాను. ఎవరి బాస్‌కైనా ఇలాంటి హమ్ ఉంటే తెచ్చి మా షాపులో చూపించుకోండి, మీటరు పెట్టి చూసినందుకు పైసా తీసుకోను. పికప్ చుట్టించుకోవాలంటే మాత్రం యాసంగి మోటార్ల రద్దీ తగ్గాక రండి, 42 గేజి తీగ మీరే తెచ్చుకోవాలి.