రెండు పులులు కొని మేకల చేతిలో ఓడిపోయాను

నిన్న శనివారం ఓడిపోయాను. మంట ఇంకా చల్లారలేదు, కాబట్టి మాటలు కాస్త కారంగానే ఉంటాయి.

ఉద్యోగం కోసం ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ వచ్చిన మూడో ఏట నాకు వార్‌హ్యామర్ 40,000 పిచ్చి పట్టింది. ఈ ఆటను తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ కేంద్ర కార్యాలయం ఇక్కడే, లెంటన్‌లో ఉంది. ఊరి గాలి సోకిందనుకోండి. వేలెడంత బొమ్మలు కొని, ముక్కలు అతికించి, రంగులు వేసి బల్ల మీద యుద్ధం చేయించాలి. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి, "ఈ ఏడు బొమ్మల కొలువు నువ్వే పెడుతున్నావా?" అంది.

బొమ్మల జాతిని ఎంచుకోవడం తేలికే. నెక్రాన్‌లు, అంటే లోహపు అస్థిపంజరాలు. వెండి రంగు స్ప్రే కొట్టి, పైన పలుచగా నలుపు పూస్తే సగం పని అయిపోతుంది.

చిక్కంతా సైన్యాన్ని కూర్చడంలోనే. ప్రతి దళానికీ ఇన్ని పాయింట్లని ఒక ధర ఉంటుంది. మా క్లబ్బు పోటీలో పరిమితి 1,000. కంటికి నచ్చినవి కొనుక్కోమన్నారు కొందరు. తక్కువ ధరకు వచ్చే పెద్ద పెట్టెతో మొదలుపెట్టమన్నారు ఇంకొందరు. 500తో ఆడి, ఓడి, నేర్చుకుంటూ పెంచుకోమన్నాడు క్లబ్బులో ఒక పెద్దాయన. నేను ఎవరి మాటా వినలేదు. ఎక్కడో టోర్నమెంట్‌లో గెలిచిన సైన్యం జాబితా ఒకటి దొరికితే, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు దాన్నే ఎత్తి రాసుకున్నాను. అది 2,000 పాయింట్ల జాబితా. నేను దాన్ని సగం చేశాను. ఎలాగంటే, చిన్నవాటిని తీసేసి పెద్దవాటిని ఉంచుకున్నాను! ఒక్కొక్కటి మూడు వందల పాయింట్ల చుట్టుపక్కల ఉండే సి'టాన్ దేవతలు రెండు, ఒక ఫిరంగి వాహనం, ఒక సేనాని, ఒక మంత్రగాడు, పదిమంది సైనికులు.

పోటీ రోజు జాబితాలు సరిచూసే బల్ల దగ్గర నా పరువు పోయింది. పాయింట్లు కొన్ని నెలలకోసారి మారతాయి. నేను పాతవి వేసుకుని వెళ్లాను. కొత్త లెక్కలో మొత్తం 1,045. వెనక వరుసలో పదిమంది నిలబడి చూస్తుంటే దేన్ని తీసేయాలో తేలక చెమటలు పట్టాయి. చివరికి పదిమంది సైనికులనూ తీసేశాను. మిగిలినవి ఐదు బొమ్మలు. నడిపించడానికి మనుషులు లేని సేనాని!

ఎదుట పద్నాలుగేళ్ల పిల్లవాడు. అతనివి టిరానిడ్‌లు, బల్ల నిండా పురుగుల మంద. నా దేవతలు వాటిని డజన్ల కొద్దీ చంపాయి. ఏం లాభం? ఈ ఆటలో ఎక్కువ మార్కులు చంపినందుకు కాదు, బల్ల మీద గుర్తుపెట్టిన స్థానాలను పట్టుకున్నందుకు. ఐదు స్థానాలు, నావి ఐదు బొమ్మలు, అందులో రెండు ఎప్పుడూ దూరంగా యుద్ధంలోనే. "నిజంగా అటే వెళతారా?" అని ఆ పిల్లవాడు మూడుసార్లు అడిగాడు. నేను మూడుసార్లూ అటే వెళ్లాను. పైగా దేవతలకు రంగులు పూర్తికాలేదు కాబట్టి సైన్యానికంతటికీ రంగులుంటే వచ్చే 10 మార్కులూ పోయాయి. 84-31.

నాకు బాధ ఎక్కడంటే, చిన్నప్పుడు మా ఊరి గుడి అరుగు మీద గీసిన పులిజూదంలో నన్ను ఓడించినవాడు లేడు. మూడు పులులు, పదిహేను మేకలు. నేనెప్పుడూ మేకలనే కోరుకునేవాణ్ణి. అదే మనిషి నాటింగ్‌హామ్‌లో జీతం పెట్టి రెండు పులులు కొనుక్కున్నాడు!

గెలిచిన జాబితాలు రాసిపెట్టే మహానుభావులు ఒక్కరైనా "దీన్ని ఆడటానికి మాకు ఇన్నేళ్లు పట్టింది" అని రాయరు. మీరు కొత్తవారైతే ముందు కాల్బలాన్ని కొనండి. ఎవరైనా పెద్దాయన 500తో మొదలుపెట్టమంటే ఆయనకు టీ ఇప్పించండి.

నిన్న ఇంటికి వస్తూ వస్తూ రెండు పెట్టెలు కొన్నాను, పెట్టెకు పదిమంది సైనికులు. పదకొండోవాడికి కుడిచెయ్యి దొరకడం లేదు. మా పాప సోఫా కింద వెతుకుతోంది.