నాయన పాటలు, పాత కంప్యూటర్, విండోస్ 11

మా ఇంటి కంప్యూటర్ 2017లో కొన్నది. ఐ3 ఏడో తరం ప్రాసెసర్, నాలుగు జీబీ ర్యామ్, ఒక టీబీ హార్డ్‌డిస్క్. తిరుపతి బైరాగిపట్టెడలో మా ముందు గది కిటికీ పక్కన ఉంటుంది. 2021 నవంబరు వరదలప్పుడు వీధిలో మోకాలి లోతు నీళ్లు వస్తే, బియ్యం మూట కంటే ముందు దాన్ని మేడ మీదికి ఎత్తించాడు మా నాయన. ఆయన పాటలన్నీ అందులోనే ఉన్నాయి మరి.

నాయన తెలుగు మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. చంద్రగిరి, పుత్తూరు, పీలేరు, పుంగనూరు, ఎక్కడికి బదిలీ అయితే అక్కడ పెద్దవాళ్ల దగ్గర కూర్చుని పాటలు రాసుకున్నాడు. నాట్ల పాటలు, ఊయల పాటలు, గంగమ్మ జాతర పాటలు కలిపి 412. నేను డీటీపీ, అంటే కంప్యూటర్‌లో అచ్చుకు పేజీలు కూర్చే పని, నేర్చుకున్న కొత్తలో వాటిని టైపు చేయడం మొదలుపెట్టి, సాయంత్రాలు కాస్త కాస్తగా ఏళ్ల తరబడి చేశాను. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో. అప్పట్లో తెలుగు డీటీపీ అంటే మాకు అదే.

ఈ కంప్యూటర్‌లో ఉన్న విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ అయిపోతుందని స్క్రీన్ మీద మెసేజ్ వచ్చినప్పటి నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది. సపోర్ట్ అయిపోయినంత మాత్రాన కంప్యూటర్ ఆగిపోదు. మామూలుగానే పనిచేస్తుంది. కాకపోతే కొత్తగా బయటపడే సెక్యూరిటీ లోపాలకు మరమ్మతు రాదు. నెట్‌కు కలిపి ఉన్న కంప్యూటర్‌కు అది చిన్న విషయం కాదు.

మా తమ్ముడి కొడుకు వచ్చి చెక్ చేశాడు. దాని తర్వాతదైన విండోస్ 11కి టీపీఎం 2.0 (తాళాలు, పాస్‌వర్డ్‌ల రహస్యాలు దాచే భద్రతా చిప్) కావాలి, సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు) కావాలి, ప్రాసెసర్ ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. టీపీఎం సంగతి బయాస్‌లోకి, అంటే విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగుల్లోకి, వెళ్లి ఆన్ చేస్తే సరిపోయింది. ప్రాసెసర్ దగ్గరే ఆగిపోయింది. మాది ఏడో తరం. ఒక్క మెట్టు తక్కువ.

"అత్తా, దొడ్డిదారిన ఎక్కించేయొచ్చు. పెన్‌డ్రైవ్‌లో ఆ చెకింగ్ తీసేసి ఇన్‌స్టాల్ చేస్తారు" అన్నాడు. నిజమే, అలా చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ అలా ఎక్కించిన కంప్యూటర్‌కు అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. అప్‌డేట్ల కోసమే కదా మారాలనుకుంటున్నది! అవే నమ్మకం లేనప్పుడు అంత శ్రమ ఎందుకు? ఆ దారి నేను వద్దనుకున్నాను.

నా అసలు భయం వేరే. 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి సపోర్ట్ ఆగిపోయినప్పుడు, మా అంతకుముందు కంప్యూటర్‌ను ఒక షాపులో ఇచ్చాం. గంటలో విండోస్ 7 వేసి ఇచ్చారు. ఫైళ్లన్నీ ఉన్నాయి, ఫాంట్లు లేవు. ఇంటికి తెచ్చి తెరిస్తే పాటలు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, పైన టోపీలు పెట్టుకున్న అక్షరాలు, కొసలు లేని గీతలు. నాయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఇదేందిరా, ఏ భాష ఇది?" అన్నాడు. ఫాంట్లు, వాటితో తెలుగు టైపు చేయడానికి వాడే కీబోర్డ్ మేనేజర్ తిరిగి దొరికేసరికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆయన సరిగా అన్నం తినలేదు.

కారణం తర్వాత అర్థమైంది. ఆ పాత ఫాంట్లలో కంప్యూటర్‌కు 'క' అనే అక్షరం తెలియదు. ఏదో ఇంగ్లీషు అక్షరం నంబరు దగ్గర తెలుగు అక్షరం ముక్క బొమ్మగా కూర్చుని ఉంటుంది, అంతే. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ఆ ఫాంట్ ఉన్నంతసేపే అది తెలుగు. అన్ని భాషల లిపులకూ ఒకే పద్ధతిలో నంబర్లిచ్చే యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరు ఉంది. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే మన లిపికి చోటిచ్చారు. అలా టైపు చేసింది ఫోన్‌లో తెరిచినా, ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెలుగుగానే కనిపిస్తుంది.

అందుకని ఈసారి విండోస్ 11 మంచిదా కాదా అన్న ప్రశ్నను పక్కన పెట్టాను. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఇక కొత్తది రాదు. ఈ ఒక్కసారి ఎలాగో సర్దుకున్నా, ఇంకో పదేళ్లకు ఇదే తంటా. ముందు పాటలు ఆ ఫాంట్లలోంచి బయటికి రావాలి. ఆ తర్వాత ఏ సిస్టమ్ అయినా నాకు ఒకటే.

దానికి గడువు కావాలి. అది దొరికింది. ఇళ్లలో వాడే విండోస్ 10 కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకం ఒకటి పెట్టారు. ముప్పై డాలర్లు కట్టొచ్చు, లేదా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. విండోస్ 10లో చివరి వెర్షన్ అయిన 22హెచ్2 అయి ఉండాలి. విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదుకు లింకు ఉంది, పది నిమిషాల్లో అయిపోయింది. హార్డ్‌డిస్క్ నిదానమైపోయిందని దాని బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ కూడా వేయించాను. ఈసారి షాపుకు పంపలేదు. మా తమ్ముడి కొడుకు ఇంట్లోనే నా కళ్లెదుట డిస్క్ మొత్తాన్ని కాపీ చేసి మార్చాడు. ఎనిమిదేళ్ల కంప్యూటర్‌కు అంతకు మించిన మేలు ఇంకోటి లేదని నా అభిప్రాయం.

విండోస్ బదులు ఉచితంగా వాడుకోగల లినక్స్ మింట్ అనే సిస్టమ్‌ను కూడా పెన్‌డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూశాను. 22వ వెర్షన్‌కు 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. మా పాత ప్రింటర్‌ను అడక్కుండానే పట్టుకుంది. పాటలన్నీ యూనికోడ్‌లోకి వచ్చాక ఈ కంప్యూటర్‌లో అదే వేసుకుంటాను. కొత్తది కొనే ఖర్చు ఇప్పట్లో లేదు.

పని మొదలుపెట్టే ముందు ప్రతి ఫైలునూ పీడీఎఫ్ చేసి రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టాను, ఒకటి తమ్ముడి ఇంట్లో ఉంది. పీడీఎఫ్‌లోకి ఫాంట్ కూడా చేరుతుంది కాబట్టి పాట చూపుకు ఎక్కడా చెడదు. కానీ అందులో ఒక మాట వెతికితే దొరకదు, దిద్దుకోవడానికి వీలుండదు.

ఇప్పుడు రోజుకు రెండు పాటలు. కాపీ చేసి, పాత ఫాంట్ అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేస్తే చాలావరకు సరిగ్గానే వస్తుంది, క్రావడి (ర ఒత్తు) దగ్గరే తేడా. 'ప్రాణం' అన్నది 'పా్రణం' అయి వస్తుంది. పాత ఫాంట్‌లో అది కంటికి కనిపించిన వరుసలో ఎక్కింది, యూనికోడ్‌లో పలికే వరుసలో ఉండాలి. కొన్ని కన్వర్టర్ తిప్పుకుంటుంది, కొన్ని వదిలేస్తుంది. అవన్నీ చేత్తో సరిచేయాలి. అందుకే నాయన పక్కన కుర్చీ వేసుకుని పాత నోటు పుస్తకం చూసి చదువుతాడు, నేను స్క్రీన్ మీద సరిచూస్తాను. ఇలాగే సాగితే మే నెలలో గంగమ్మ జాతర నాటికి 412 పూర్తవుతాయి.

ప్రతి పాట కింద ఊరు, జిల్లా రాసి ఉంటాయి. 'చిత్తూరు జిల్లా, చంద్రగిరి' అని. 2022 ఏప్రిల్ 4 నుంచి అది తిరుపతి జిల్లా కదా, మార్చనా అని అడిగాను. "ఆ పాట పాడినప్పుడు ఏది ఉండిందో అదే ఉండనీ" అన్నాడు. అలాగే ఉంచాను.

నిన్న సాయంత్రం 58వ పాట. పీలేరు దిక్కు ఒక అవ్వ పాడిన నాట్ల పాట. నేను 'ఎక్కడికి పోతివమ్మా' అని చదివాను. నాయన పుస్తకంలోంచి తల ఎత్తాడు.

"ఎక్కడికి కాదు. యాడికి. ఆమె యాడికి అనే పాడింది."

పుస్తకం నా ముందు పెట్టాడు. నీలి సిరా వెలిసిపోయింది గానీ 'యాడికి' అన్నది స్పష్టంగా ఉంది. అప్పట్లో టైపు చేసేటప్పుడు తప్పనుకుని నేనే దిద్దేశాను. ఇన్నేళ్లూ ఆ అవ్వ నోటి మాట నా ఫైల్లో లేదు. నాలుగు చోట్లా 'యాడికి' అని మార్చాను. ఆయన ఒకసారి పాడి చూసుకుని తల ఊపాడు.

"ఇంకొకటి చేద్దామా?" అన్నాడు పేజీ తిప్పుతూ.

బయట వాన పట్టింది. "కరెంటు పోతుందేమో, ముందు దీన్ని సేవ్ చేసుకోనీ నాయనా" అన్నాను.