ఫ్రిజ్ సెన్సార్‌కి ఐసు నీళ్ళ పరీక్ష

పైన ఫ్రీజర్‌లో ఐసు బాగానే కడుతుంది. కింద అరలో పెట్టిన పాలు మాత్రం సాయంత్రానికి విరిగిపోతాయి. మీ ఇంట్లో ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ ఇలా చేస్తుంటే, వచ్చిన మెకానిక్ "గ్యాస్ ఎక్కించాలి" అనగానే సరే అనేయకండి. ఈ ఎండాకాలం గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకునేదాకా నాకు నిద్ర పట్టలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట గమనించింది మా అత్తయ్యగారు. "పొద్దున రుబ్బిన పిండి అప్పుడే పొంగిపోయిందేంటమ్మా, ఫ్రిజ్‌లోనే పెట్టానే" అన్నారు. తర్వాత కొత్తిమీర వాడిపోవడం, పెరుగు పులవడం, కంప్రెసర్ రాత్రంతా ఆగకుండా తిరగడం. కరెంటు బిల్లు పై శ్లాబులోకి ఎక్కింది. ఒక మెకానిక్ వచ్చి కింద అరలో చెయ్యి పెట్టి చూసి, గ్యాస్ తక్కువైందన్నాడు. ఇంకొకతను ఫ్రిజ్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు పోయిందన్నాడు, ఐదు వేలవుతుందన్నాడు.

నాకు రెండూ నమ్మబుద్ధి కాలేదు. కారణం ఉంది. ఆ మధ్య పెళ్ళికని తెనాలి వెళ్తూ ఫ్రిజ్ ఖాళీ చేసి, ఆపేసి, తలుపులు తెరిచి వెళ్ళాం. తిరిగొచ్చి ఆన్ చేస్తే కొత్తదానిలా పనిచేసింది. వారం గడిచేసరికి మళ్ళీ మొదటికొచ్చింది. గ్యాస్ కారిపోయి ఉంటే ఫ్రిజ్ ఆపినంత మాత్రాన తిరిగి రాదు కదా. ఆపితే తగ్గే జబ్బు ఒకటే, లోపల పేరుకున్న మంచు.

ఫ్రాస్ట్ ఫ్రీ అంటే మంచు పట్టదని కాదు. పడుతుంది, కానీ మనకి కనపడని చోట. ఫ్రీజర్ వెనక గోడలా కనిపించే ప్లాస్టిక్ ప్యానెల్ అవతల కాయిల్, అంటే గ్యాస్ తిరిగి చల్లబడే గొట్టాల చుట్ట, ఉంటుంది, దాని పక్కన ఒక చిన్న ఫ్యాను. ఆ ఫ్యానే చల్లగాలిని కింది అరలకి పంపుతుంది. మనం తలుపు తీసినప్పుడల్లా బయటి గాలిలోని తేమ వెళ్ళి ఆ కాయిల్ మీద మంచుగా కూర్చుంటుంది. కొన్ని గంటలకోసారి బోర్డు కంప్రెసర్ని ఆపి, కాయిల్ కింద ఉన్న హీటర్ వేస్తుంది. మంచు కరిగి, నీళ్ళు గొట్టంలోంచి వెనక ట్రేలోకి పోయి ఆవిరైపోతాయి. ఇక చాలు, మంచు అయిపోయింది అని బోర్డుకి చెప్పేది కాయిల్‌కి క్లిప్పుతో తగిలించిన చిటికెన వేలి కొసంత సెన్సార్.

ప్లగ్గు పీకేసి ప్యానెల్ స్క్రూలు విప్పాను. ప్యానెల్ రాలేదు, వెనక నుంచి మంచు పట్టేసి ఉంది. ఇక్కడ చాలామంది చాకుతో పొడుస్తారు. దయచేసి ఆ పని చేయకండి. కాయిల్ గొట్టం అల్యూమినియంది, సులభంగా చిల్లు పడుతుంది. అప్పుడు గ్యాస్ నిజంగానే పోతుంది. పైగా ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటిల్లో ఉండేది ఆర్600ఎ, అంటే ఐసోబ్యూటేన్, మంట అంటుకునే రకం. తలుపు తెరిచి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి, కింద పాత తువ్వాళ్ళు పరిచి ఊరుకున్నాను. ప్యానెల్ ఊడొచ్చేంత కరిగాక తీసి చూస్తే, కాయిల్ రేకుల మధ్య వేలు దూరే సందు లేదు. ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకే మందాన తెల్లటి దిమ్మ. ఫ్యాను రెక్క అంచు మంచుకి ఒరుసుకుని గీరిన గుర్తు కూడా ఉంది. కొన్నాళ్ళుగా వినిపిస్తున్న టకటక చప్పుడు అదే.

ఈ దృశ్యమే సగం సమాధానం. గ్యాస్ తక్కువైతే కాయిల్‌లో ఒక మూల మాత్రమే మంచు పడుతుంది, మిగతాది పొడిగా ఉంటుంది. కాయిల్ మొత్తం మూసుకుపోయిందంటే చల్లదనం పుష్కలంగా ఉంది, కరిగించే పనే జరగడం లేదు. గాలి దూరే దారి లేక అది కింది అరలకి చేరడం లేదు, అంతే.

పూర్తిగా కరిగాక మల్టీమీటర్ తీశాను. హీటర్ నిరోధం 330 ఓమ్‌లు చూపించింది. 230 వోల్టుల మీద లెక్క వేస్తే 160 వాట్లు, భేషుగ్గా ఉంది. మరీ వేడెక్కితే తెగిపోయే థర్మల్ ఫ్యూజ్ కూడా తెగలేదు. పాత టైమర్ మోడళ్ళలో సెన్సార్ బదులు బైమెటల్, అంటే వేడిని బట్టి వంగే లోహపు స్విచ్చి, ఉంటుంది. అది గది వేడిలో ఎప్పుడూ తెగినట్టే చూపిస్తుంది, బాగా చల్లబడితేనే కలుస్తుంది. ఇది తెలియక మంచి బైమెటల్స్‌ని పారేస్తుంటారు.

ఇక సెన్సార్. బోర్డు మార్చాలన్నతను దీన్నీ మీటర్ పెట్టి చూశాడు. 6.7 కిలో ఓమ్‌లు వచ్చింది. "సెన్సార్ బాగానే ఉంది మేడమ్, తెగితే అసలు రీడింగే రాదు" అన్నాడు. అతని మాటలో తప్పు లేదు. తెగినా, షార్ట్ అయినా బోర్డు కూడా పసిగట్టి ఎర్రర్ చూపిస్తుంది. కానీ తెగకుండా తప్పు చెప్పే సెన్సార్‌ని బోర్డూ పట్టదు, గది వేడిలో పెట్టిన మీటరూ పట్టదు.

నేను ఇంజనీరింగ్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో పనిచేస్తాను. థర్మిస్టర్‌ని నీళ్ళలో ముంచి, వేడి పెరిగేకొద్దీ నిరోధం ఎలా తగ్గుతుందో గ్రాఫు గీయడం మా పిల్లలకి మొదటి సంవత్సరం ప్రయోగం. ఫ్రిజ్‌లో ఉన్నదీ ఆ థర్మిస్టరే. కాబట్టి ఒక ఉష్ణోగ్రత దగ్గర చూసి వదిలేయడానికి నా మనసు ఒప్పుకోలేదు. కొట్టుకెళ్ళి అదే మోడల్‌కి కొత్త సెన్సార్ తెచ్చాను, రెండొందల లోపే. స్టీలు గ్లాసు నిండా చితక్కొట్టిన ఐసు పోసి, ఐసు మునిగేదాకా నీళ్ళు పోసి, స్పూనుతో తిప్పాను. ఐసూ నీళ్ళూ కలిసున్నంతసేపూ అక్కడ సున్నా డిగ్రీలే, దానికి వేరే థర్మామీటర్ అక్కర్లేదు. పాతదీ కొత్తదీ రెండూ ఒకే గ్లాసులో వేలాడదీసి, అంకె కదలడం ఆగేదాకా ఆగాను.

కొత్తది 28 కిలో ఓమ్‌లు. పాతది 18.

బయట వంటింటి వేడిలో రెండూ కొలిస్తే కొత్తది 7.7, పాతది 6.7. ఒక్క కిలో ఓమ్ తేడాని ఎవరైనా మీటర్ తేడా అనుకుంటారు. చల్లబడేకొద్దీ ఆ తేడా పదికి పెరిగింది. సెన్సార్ తలకాయలోకి తడి చేరితే ఇలా జరుగుతుంది. థర్మిస్టర్ పక్కనే కరెంటుకి ఇంకో దొంగదారి ఏర్పడుతుంది. థర్మిస్టర్ నిరోధం తక్కువగా ఉన్నప్పుడు ఆ దారి లెక్కలోకి రాదు. నిరోధం పెరిగేకొద్దీ కరెంటులో దాని వాటా పెరిగి, మీటర్ మీద అంకె తగ్గిపోతుంది.

ఇప్పుడు బోర్డు వైపు నుంచి చూడండి. ఈ రకం సెన్సార్‌లో 18 కిలో ఓమ్‌లంటే సుమారు 10 డిగ్రీలు. మంచు కరుగుతున్నంతసేపూ కాయిల్ సున్నా దగ్గరే నిలబడి ఉంటుంది, హీటర్ ఇచ్చే వేడంతా మంచుని నీళ్ళు చేయడానికే, అంటే గుప్తోష్ణంగా, పోతుంది. సరిగ్గా అప్పుడే ఈ సెన్సార్ పది డిగ్రీలొచ్చేశాయని చెబుతోంది. బోర్డు మంచు అయిపోయిందనుకుని హీటర్ ఆపేస్తోంది. మిగిలిపోయిన మంచు మీద కొత్త మంచు, వారానికల్లా దిమ్మ. బోర్డు తనకి అందిన సమాచారంతో తన పని సక్రమంగానే చేసింది. దాన్ని మార్చినా ఇదే కథ నడిచేది.

బోర్డు మార్చాలన్న మెకానిక్ అబ్బాయిని పిలిచి గ్లాసు చూపించాను. తన మీటర్‌తో తనే మళ్ళీ కొలుచుకుని, "ఇలా ఎవరూ చెప్పలేదు మేడమ్" అన్నాడు. పనిమంతుడు. గుంటూరు ఎండల్లో రోజంతా బండి మీద తిరిగే ఇలాంటి కుర్రాళ్ళకి ఎవరైనా కూర్చోబెట్టి ఈ ఒక్క పరీక్ష నేర్పితే ఎన్ని ఇళ్ళకి డబ్బు మిగులుతుందో అనిపించింది.

మార్పిడి అతనే చేశాడు. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టబోతే వద్దన్నాను. టేపులోకి తడి చేరితే మళ్ళీ అదే రోగం. సోల్డరింగ్ చేయించి, మీద వేడి తగిలితే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగించాను. సెన్సార్‌ని పాతది ఉన్న చోటే క్లిప్పు చేయాలి. హీటర్‌కి దగ్గరగా జరిపితే తొందరగా వేడెక్కి, మంచి సెన్సారే అయినా త్వరగా ఆపించేస్తుంది. కొన్ని వారాల తర్వాత ప్యానెల్ విప్పి చూశాను. రేకుల మీద పల్చటి తెల్లపూత, సందుల్లోంచి అవతలి గోడ కనిపిస్తోంది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. చూడ్డానికి ఒకేలా ఉండి, 25 డిగ్రీల దగ్గర 5 కిలో ఓమ్‌లవీ 10 కిలో ఓమ్‌లవీ వేర్వేరుగా దొరుకుతాయి. పాతది పట్టుకెళ్ళి కొట్టులోనే రెండూ మీటర్ మీద పెట్టించండి. పాతది పాడైనా ఆ వేడిలో కొత్తదానికి దగ్గర్లోనే చూపిస్తుంది కాబట్టి, సగమో రెట్టింపో వస్తే అది మీ ఫ్రిజ్‌ది కాదు.