కొండదారికి కొత్త పెడళ్లు: పర్లాకిమిడి నుంచి నా అనుభవం

సైకిలుతో పాటు వచ్చిన పెడళ్లు పర్లాకిమిడి బజారుకీ, పాతపట్నం వెళ్లి రావడానికీ సరిపోయాయి. ఆర్. ఉదయగిరి వైపు కొండదారి ఎక్కడం మొదలుపెట్టాకే వాటి లోపం బయటపడింది. నున్నటి ప్లాస్టిక్ కదా, నాలుగు చినుకులు పడితే చాలు, పాదం ముందుకు జారిపోతుంది. అలా జారిన పెడల్ గిర్రున తిరిగొచ్చి పిక్కకి తగులుతుంది.

కొనేముందు తేల్చుకోవలసింది ధర కాదు, కాలికి ఏం వేసుకుని తొక్కుతామన్నది. బూటు అడుగున ఇనప ముక్క బిగించి పెడల్‌లో ఇరికించే క్లిప్పు రకం ఉంది. దానికి ప్రత్యేకమైన బూట్లు కావాలి, కాలు బయటికి తియ్యాలంటే మడమ పక్కకి తిప్పాలి. ఎదురుగా ఆవు అడ్డం వచ్చినప్పుడు కొత్తవాళ్లకి ఆ తిప్పడం గుర్తురాదు, సైకిలుతో సహా పక్కకి పడిపోతారు. అందుకే మొదటి ఏడాది వెడల్పు ఫ్లాట్ పెడలే మేలని నా గట్టి అభిప్రాయం.

ఫ్లాట్‌లోనూ తేడాలున్నాయి. నేను నైలాన్ బాడీ తీసుకున్నాను. వెడల్పు 100 మిల్లీమీటర్ల దాకా ఉంది, పాదం ముందు భాగమంతా ఆనుతుంది. పైన పొడుచుకొచ్చిన పిన్నులు చూడండి. స్టీలు పిన్ను గట్టిగా పట్టుకుంటుంది కానీ హవాయి చెప్పు అడుగుని కొరికేస్తుంది, పిక్కకి తగిలితే చర్మం లేచిపోతుంది. రబ్బరు అడుగున్న బూటుకి నైలాన్ పిన్నులే చాలు. బేరింగు సీల్డ్ రకమైతే, అంటే పూర్తిగా మూసి ఉన్నదైతే మంచిది. విడి గోళీలున్న దాంట్లోకి వాన బురద చేరితే గ్రీజు పోయి కరకరమంటుంది. కొట్లోనే ఇరుసుని వేళ్లతో తిప్పి చూడాలి: మెత్తగా తిరగాలి, అటూఇటూ ఊగకూడదు.

మర కొలత మరిచిపోకండి. పెద్దవాళ్ల గేరు సైకిళ్లలో దాదాపు అన్నిటికీ 9/16 అంగుళం. క్రాంకు (పెడళ్లు బిగించే కడ్డీ) ఒకే ముక్కగా వంచి చేసిన పిల్లల సైకిళ్లకి 1/2 అంగుళం. ఒకదానిది ఇంకోదానికి పట్టదు.

పాతవి ఊడదీసేముందు చెయిన్‌ని పెడళ్ల దగ్గరున్న పెద్ద పళ్లచక్రం మీదికి మార్చాను. పానా జారితే పళ్లు చేతివేళ్లని చీల్చకుండా ఉండటానికి. కావలసింది 15 మిల్లీమీటర్ల పానా. మందంగా ఉంటే క్రాంకుకీ పెడల్‌కీ మధ్య దూరదు, సన్నటిది తీసుకోవాలి. కొన్నింటికి లోపలి వైపు నుంచి 6 లేదా 8 మిల్లీమీటర్ల అల్లెన్ కీ (ఆరు పలకల కడ్డీ) పడుతుంది.

ఎక్కువమంది తప్పు చేసేది ఎడమ పెడల్ దగ్గరే. దాని మర ఉల్టా. మామూలు మరే పెడితే, తొక్కేటప్పుడు బరువు ఇరుసు చుట్టూ తిరుగుతూ దాన్ని మెల్లమెల్లగా విప్పేస్తుంది. గుర్తుపెట్టుకోవడానికి ఒక్క సూత్రం చాలు: ఏ వైపైనా ఇరుసు పైభాగం ముందు చక్రం వైపు తిరిగితే బిగుస్తుంది, వెనక చక్రం వైపు తిరిగితే వదులవుతుంది. ఇరుసు చివర ఎల్, ఆర్ అని చెక్కి ఉంటుంది. ఎల్ ఎడమకి, ఆర్ కుడికి.

మరకి కందిగింజంత గ్రీజు రాసి, మొదటి రెండు మూడు చుట్లు వేళ్లతోనే తిప్పాలి. వేళ్లతో ఎక్కకపోతే వంకరగా పట్టిందన్నమాట. పానాతో బలవంతం చేస్తే అల్యూమినియం క్రాంకు మర చెరిగి, మొత్తం క్రాంకే మార్చుకోవలసి వస్తుంది. ఒకసారి విప్పి, నిటారుగా పెట్టి మళ్లీ మొదలుపెట్టండి. చివర 20 సెంటీమీటర్ల పానా కొసమీద దాదాపు 18 కిలోల బలం వేస్తే సరిపోతుంది.

మొదటి 50 కిలోమీటర్ల తర్వాత మళ్లీ పానా వేసి చూశాను. కుడిది పావు చుట్టు తిరిగింది. ప్రతి చుట్టుకీ ఒకసారి టక్కుమని చప్పుడొస్తే సాధారణంగా పొడిమరో, వదులైన పెడలో కారణం. విప్పి తుడిచి గ్రీజు రాసి మళ్లీ బిగిస్తే చాలావరకు పోతుంది.