పదకొండో నంబరు చీర

సంచికకు ఏదైనా రాయమని మన నర్సింగ్ స్కూలు పూర్వ విద్యార్థినుల సంఘం నుంచి ఫోను వచ్చినప్పుడు, నర్సు టోపీ పెట్టే క్యాపింగ్ వేడుక గురించో, నైట్ డ్యూటీల గురించో రాద్దామనుకున్నాను. ఆ రెండింటి మీదా ఇప్పటికే ఆరుగురు రాసి ఇచ్చేశారట. "మీరు ఆ చీర గురించి రాయండి మేడమ్" అంది ఫోనులో అమ్మాయి. ఏ చీర అని నేను అడగలేదు. 1993లో మన స్కూలు నుంచి బయటపడ్డ వాళ్లకు చీర అంటే ఒక్కటే.

దాని సొంతదారు తన పేరు రాయవద్దని ఒట్టు పెట్టించుకుంది. అందుకని హాజరు పిలిచినట్టే పదకొండో నంబరు అంటాను. మిగిలిన వాళ్లకూ నంబర్లే. మూడేళ్లు ఒకరినొకరం అలాగే పిలుచుకున్నాం కనుక ఎవరూ నొచ్చుకోరు.

1990లో గుంటూరు వచ్చి హాస్టల్లో పెట్టె దించిన రోజు నుంచి, పొద్దున లేచి ఏం కట్టుకోవాలన్న ఆలోచనే మాకు లేకుండా పోయింది. నీలం గళ్ల చీర, పైన తెల్ల ఏప్రన్, నల్ల బూట్లు, తల మీద క్యాప్. వంటామె అన్నం వార్చే వేళకు గిన్నెలు పట్టుకుని గంజి కోసం వరస కట్టేవాళ్లం. గంజిలో ముంచిన క్యాప్‌ను కిటికీ అద్దానికి ముడత లేకుండా అతికిస్తే తెల్లారేసరికి అట్టలా ఊడి వచ్చేది, ఇస్త్రీ డబ్బులు మిగిలేవి. ఆ క్యాప్ మీద ఎవరైనా సణిగితే ట్యూటర్ సిస్టర్ ఒక కథ చెప్పేవారు. 1854లో క్రిమియా యుద్ధం రోజుల్లో ఫ్లోరెన్స్ నైటింగేల్ వెంట టర్కీలోని స్కూటరి సైనిక ఆసుపత్రికి వెళ్లిన 38 మంది నర్సుల్లో ఒకామెకు అక్కడిచ్చిన క్యాప్ నచ్చలేదట. ఇది తన ముఖానికి నప్పదని, దీని సంగతి ముందే తెలిస్తే అసలు వచ్చేదాన్నే కాదని నైటింగేల్ ఎదుటే అనేసిందట. మాకు బుద్ధి రావాలని సిస్టర్ చెప్పేవారు. మేమంతా మాత్రం ఆ నర్సు పక్షమే.

ఫలితాలు వచ్చాయి, నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ అయింది. హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి నుంచి నలుగురికి, మరో రెండు చోట్ల నుంచి ముగ్గురికి ఇంటర్వ్యూ ఉత్తరాలు వచ్చాయి. సర్టిఫికెట్ల అసలు ప్రతులు తేవాలి, నకళ్ల మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం ఉండాలి, ఫొటోలు మూడు. ఏం కట్టుకుని రావాలో ఒక్క ముక్క లేదు. మూడేళ్ల తరువాత మొదటిసారి మా బట్టలు మేమే తేల్చుకోవలసి వచ్చింది, అది ఎవరికీ చేతకాలేదు.

యూనిఫాంలోనే వెళ్దామన్నారు కొందరు. దానికి అడ్డు మా సీనియర్ ఒకామె కథ. ఆమె గంజి పెట్టిన యూనిఫాంలో, క్యాప్‌తో సహా వెళ్లి ఒక ఆసుపత్రి వరండాలో తన వంతు కోసం కూర్చుందట. ఎవరో పల్లెటూరి ముసలాయన వచ్చి "సిస్టరమ్మా, మావాడికి సీసా అయిపోయింది, సూదిలోకి నెత్తురెక్కుతోంది" అని చేయి పట్టుకున్నాడు. ఈమె లేచి వెళ్లి సెలైన్ ఆపి, డ్యూటీ సిస్టరును వెతికి అప్పజెప్పి తిరిగి వచ్చేసరికి తన పేరు పిలవడమూ అయిపోయింది, ఇంటర్వ్యూలూ అయిపోయాయి. ఉద్యోగం రాలేదు. ఈ కథకు ఏటా ఒక చిలవ చేరేది. మా జూనియర్ల కాలానికి ఆ ముసలాయన ఎమ్మెల్యే తండ్రి అయ్యాడని విన్నాను. ఏమైతేనేం, యూనిఫాం మాట అక్కడితో ఆగిపోయింది.

తెల్ల చీర అన్నారు ఇంకొందరు. దానికి అడ్డు మా అమ్మ. దీపాలు వెలిగించి ప్రతిజ్ఞ చేసిన రోజున అమ్మ ఊరి నుంచి వచ్చింది. హాలులో ముందు వరసలో కూర్చుని వెక్కి వెక్కి ఏడిస్తే ఆనందబాష్పాలనుకుని అందరూ ముచ్చటపడ్డారు. తరువాత హాస్టల్ వరండాలో నన్ను పక్కకు పిలిచి, "ముప్పై మంది పెళ్లికాని పిల్లలకు తెల్ల చీరలు కట్టి నిలబెడితే చూసే తల్లి ప్రాణం ఎలా ఉంటుందే?" అంది. మా ఊళ్లో తెల్ల చీర ఎవరు కడతారో చదువుతున్న వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. డ్యూటీలో ఎలాగూ తప్పదు, మొదటిసారి బతుకుతెరువు కోసం గడప దాటేటప్పుడు మాత్రం తెలుపు వద్దు, చేతులు బోసిగా ఉండకూడదు, తలలో పూలుండాలి. ఇవి అమ్మ షరతులు.

సిస్టర్ షరతులు వేరు. పట్టు వద్దు, నైలాను వద్దు. ఇళ్ల నుంచి తెచ్చుకున్నవన్నీ పూనం చీరలే, వంగితే భుజం మీద నిలవవు. గాజులు వద్దు, గోళ్ల రంగు వద్దు, చేతికి సెకన్ల ముల్లున్న వాచీ తప్ప ఇంకేమీ ఉండకూడదు. పూల మాట ఎత్తితే మండిపడ్డారు. "ఆపరేషనయ్యి వాంతులు చేసుకునే మనిషి మీదికి మల్లెపూలు పెట్టుకుని వంగుతావా అమ్మాయ్?" అన్నారు. నేను వెళ్లేది ఇంటర్వ్యూకే కదా అనాలనిపించింది కానీ అనలేదు.

అమ్మ మాటకూ సిస్టర్ మాటకూ మధ్య పట్టే చీర మా అందరిలో పదకొండో నంబరు దగ్గరే ఉంది. మంగళగిరి నేత చీర. మీగడ రంగు ఒళ్లు, సన్నని నీలం అంచులో ఒక్క జరీ గీత. వాళ్ల మేనత్త ఊరు మంగళగిరే. మగ్గం మీద నుంచి నేరుగా ఇంటికి వచ్చిందని, దుకాణంలో ఇలాంటిది దొరకదని ఆమె గొప్పగా చెప్పేది. అడిగితే ఇస్తుందో ఇవ్వదో అని మేము తర్జనభర్జన పడుతుంటే, తన ఇంటర్వ్యూ చూసుకుని తిరిగి వచ్చిన రోజు రాత్రి తానే దాన్ని బకెట్లో నానబెట్టి, "తరువాత ఎవరు?" అని అడిగింది.

చీర ఎవరికైనా సరిపోతుంది, చిక్కంతా జాకెట్టుతోనే. నీలం జాకెట్టు కూడా ఒక్కటే. పదకొండో నంబరు బొద్దుగా ఉండేది, నాలుగో నంబరు వెదురుబద్ద. లోపలి కుట్లు ఒకరికి బిగించడం, ఇంకొకరికి విప్పడం. చీర మూడో చేతికి, అంటే నాకు, వచ్చేసరికి జాకెట్టు పక్కలంతా సూది రంధ్రాలు. బొడ్డు చుట్టూ ఇన్సులిన్ పొడిపించుకునే రోగిలా ఉందని నవ్వుకున్నాం. నాకు గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో ఖమ్మం దాటాక చంక దగ్గర కుట్టు తెగింది. పక్కన కూర్చున్న ఆవిడ పమిట అడ్డం పట్టుకుంటే నేనే రెండు ముళ్లు వేసుకున్నాను. మూడో ముడి కూడా వేయాలని ఆపరేషన్ థియేటర్‌లో నేర్పారు గానీ దారం చాలలేదు.

రాత్రి సికింద్రాబాద్‌లో బాబాయి ఇంట్లో పడుకుని, పొద్దున్నే ఆసుపత్రి గేటు దగ్గర దిగాను. అమ్మ మాట గేటు దాకా, సిస్టర్ మాట గేటు లోపల. పూలు తీసి ప్రహరీ పక్కన చెట్టు మొదట్లో పెట్టాను. గాజులు మాత్రం రాలేదు. కొత్తవి, బిగువు. ఒక్కటి పగిలినా అమ్మకు ఏం జవాబు చెప్పాలి? తెల్ల చీర వద్దన్న మనిషికి కూతురు గాజులు పగలగొట్టుకుందని తెలిస్తే ఇంకేమైనా ఉందా! అక్కడ గిన్నెలు తోముతున్న ఆయమ్మ నా అవస్థ చూసి సబ్బు ముక్క ఇచ్చింది. కుళాయి కింద పావుగంట. పన్నెండూ క్షేమంగా చేతిరుమాలులోకి చేరాయి. చేతులు ఎర్రగా కందిపోయాయి.

లోపల ముగ్గురున్నారు. డాక్టరు గారు అడిగిన ప్రశ్నలు ఇప్పుడు గుర్తు లేవు. జవాబులు చెప్పాననే అనుకుంటాను. చివర్లో నర్సులందరికీ పెద్ద అయిన మేట్రన్ బల్ల మీదుగా చేయి చాపి, "నా పల్స్ చూడమ్మా" అన్నారు.

మూడు వేళ్లు మణికట్టు మీద పెట్టి వాచీ చూసుకున్నాను. ముల్లు కదలడం లేదు. నా వాచీ చివరి పోస్టింగ్‌లో నీళ్లలో పడి పాడైతే నాన్న తన హెచ్.ఎం.టి. ఇచ్చి పంపారు. దానికి రోజూ కీ ఇవ్వాలి. రెండు రోజులుగా అంచు, కుచ్చిళ్లు, జాకెట్టు, గాజులు. కీ ఇవ్వడం నాకెక్కడ గుర్తుంటుంది? గోడ గడియారానికి సెకన్ల ముల్లు లేదు. అంచనాగా డెబ్బై రెండు అనేద్దామా అన్న బుద్ధి ఒక్క క్షణం పుట్టింది, ఎందుకు దాచాలి.

"మేడమ్, నా వాచీ ఆగిపోయింది. మీ వాచీ ఒకసారి ఇస్తారా?"

డాక్టరు గారు పకపకా నవ్వారు. మేట్రన్ నవ్వకుండా వాచీ విప్పి నా చేతిలో పెట్టారు. పావు నిమిషం లెక్కించి నాలుగుతో గుణిస్తే మన సిస్టర్ ఊరుకునేవారు కాదు కదా. నిండా నిమిషం చూశాను. ఆ నిమిషమంత పొడుగు నైట్ డ్యూటీ నేను చేయలేదు. "ఎనభై నాలుగు మేడమ్, లయ సరిగానే ఉంది" అన్నాను. "మెట్లెక్కి వచ్చాను, ఉంటుంది" అని వాచీ తీసుకున్నారు.

తలుపు దాకా వెళ్లాక మళ్లీ పిలిచారు. "కుచ్చిళ్ల దగ్గర అంచు ఊడుతోంది. పోయిన మంగళవారం వచ్చిన అమ్మాయికే చెబుదామనుకున్నాను, మరిచిపోయాను."

"కుట్టిస్తాం మేడమ్" అన్నాను. కుట్టిస్తాను అనలేదు.

పదిహేను రోజుల్లో పదకొండో నంబరుకు, నాకు ఉత్తరాలు వచ్చాయి. అదే చీరలో అదే గదికి వెళ్లిన నాలుగో నంబరుకు రాలేదు. ఆమె తరువాత ఇంగ్లండ్ వెళ్లి ఇప్పటికీ అక్కడే పని చేస్తోంది. రోగిని తాకే వాళ్లకు మోచేతి కింద ఏమీ ఉండకూడదని అక్కడ 2008 నుంచి కట్టుదిట్టంగా అమలు చేస్తున్నారు. పొడుగు చేతులు లేవు, గాజులు లేవు, వాచీ కూడా లేదు. సాదా పెళ్లి ఉంగరం ఒక్కటి ఉండనిస్తారు. వాచీ గుండె మీద పిన్నుతో తలకిందులుగా వేలాడుతుంది. "మన సిస్టర్ మాటే ఇక్కడ ప్రభుత్వం చెబితే నాకు కొత్తేముంది?" అంటుంది.

ఇప్పుడు నేను బల్లకు ఇవతలి పక్క కూర్చుంటున్నాను. పిల్లలు ఎండాకాలంలో నల్ల కోట్లు తొడుక్కుని చెమటలు కక్కుతూ వస్తున్నారు. ఎవరు చెబుతున్నారో గానీ, మంచం మీద మనిషిని పక్కకు తిప్పమంటే ఆ కోటులో చేతులు పైకి లేవవు. నేను కోటు విప్పుకుని కూర్చోమంటాను, ఫ్యాన్ పెంచమంటాను, అప్పుడు చేయి చాపుతాను. సగం మంది ఫోను తీస్తారు. తీయనివ్వండి, అందులోనూ సెకన్లుంటాయి. గోళ్లు మాత్రం చూస్తాను, అందులో మొహమాటం లేదు.

ఈ వ్యాసం కోసం పదకొండో నంబరుకు ఫోను చేశాను. ఆ ఏడాది ఏడుగురూ కట్టిన ఆ చీర ఇంకా ట్రంకు పెట్టెలోనే ఉందట, మడతల దగ్గర చిరిగిందట. సమ్మేళనానికి తెస్తానంది. జాకెట్టు ఎవరికీ పట్టదు కనుక దాని ఊసు ఎత్తవద్దంది. అంచు సంగతి అడిగాను. అప్పుడు నేను వేసిన కుట్టు నిలవలేదట, ఆ ఏడాదే ఊడిందట.

సూదీ దారం నేను తెస్తున్నాను. ఈసారి దారం ఎక్కువే తెస్తాను.