జావా రెజెక్స్‌లో రీజియన్ హద్దులు: నేను చదివిన పద్ధతి

జావా టెస్టులకు ప్రిపేర్ అవుతున్న ఫ్రెండ్స్, రెజెక్స్‌లో (టెక్స్ట్‌లో నమూనాలను వెతికే ప్యాటర్న్ భాష) క్వాంటిఫయర్లు, గ్రూపులు అందరూ బాగానే చదువుతారు. ప్యాటర్న్‌ను స్ట్రింగ్‌లో వెతికే మ్యాచర్ క్లాసులోని రీజియన్‌ను, అంటే స్ట్రింగ్‌లో వెతకాల్సిన భాగాన్ని, మాత్రం చాలామంది వదిలేస్తారు. దయచేసి వదలకండి. ప్యాటర్న్, స్ట్రింగ్ రెండూ అవే ఉన్నా హద్దుల సెట్టింగ్ మారితే జవాబు మారిపోతుంది.

నాకు ఇది జేషెల్‌లోనే (జావా లైన్లు టైప్ చేసిన వెంటనే నడిపి చూపే టూల్) బుర్రకెక్కింది. జావా 9 నుంచి జేడీకేతోనే వస్తుంది, మెయిన్ మెథడ్ రాసే పని లేదు. నేను వాడిన స్ట్రింగ్ ‘7150 15’. రీజియన్ 1 నుంచి 3 వరకు పెడితే (లెక్క 0 నుంచి మొదలు, 3 కలవదు) అందులో ఉండేది 15 ఒక్కటే. ప్యాటర్న్‌లో 15కి అటూ ఇటూ వర్డ్ బౌండరీ (పదం మొదలయ్యే లేదా ముగిసే చోటు), అంటే బ్యాక్‌స్లాష్ బి, పెట్టండి. కోడ్‌లో బ్యాక్‌స్లాష్ రెండుసార్లు కొట్టాలి సుమా! ఒక్కటే కొడితే అది బ్యాక్‌స్పేస్ క్యారెక్టర్ అయిపోతుంది, ఎర్రర్ కూడా రాదు.

ఇప్పుడు తర్వాతి మ్యాచ్‌ను వెతికే ఫైండ్ మెథడ్ పిలిస్తే ట్రూ వస్తుంది. డిఫాల్ట్‌గా హద్దులు ఒపేక్, అంటే గోడ అవతల ఉన్న 7, 0 దానికి కనపడవు. ట్రాన్స్‌పరెంట్ బౌండ్స్ (గోడ అవతల కనపడే హద్దులు) ట్రూ చేసి, రీజియన్ మళ్లీ పెట్టి చూడండి, ఫాల్స్ వస్తుంది. 7 కూడా వర్డ్ క్యారెక్టరే కాబట్టి 1కి ముందు బౌండరీ లేదు. ముందు, వెనక ఏముందో తొంగిచూసే లుక్‌ఎహెడ్, లుక్‌బిహైండ్‌లకూ ఇదే లెక్క.

యాంకరింగ్ బౌండ్స్ సంగతి వేరు, దీన్ని ట్రాన్స్‌పరెంట్ బౌండ్స్‌తో కలపొద్దు. అది మొదలు, చివర అని చెప్పే క్యారెట్ (^), డాలర్ ($) గుర్తులకు సంబంధించింది. డిఫాల్ట్‌గా ట్రూ, అందుకే ‘^15’ రీజియన్ మొదట్లో దొరుకుతుంది. ఫాల్స్ చేస్తే క్యారెట్‌కు స్ట్రింగ్ అసలు మొదలే కావాలి, కాబట్టి దొరకదు. హద్దులు ట్రాన్స్‌పరెంట్‌గా ఉన్నా, యాంకరింగ్ ట్రూ అయితే క్యారెట్ రీజియన్ మొదట్లోనే అతుక్కుంటుంది. నాలుగు కాంబినేషన్లూ మీ చేత్తో టైప్ చేసి చూడండి, బట్టీ పట్టే అవసరమే రాదు.

ఇంకొకటి, మ్యాచర్‌ను మళ్లీ మొదటికి తెచ్చే రీసెట్ పిలిస్తే రీజియన్ పోతుంది, ఈ రెండు సెట్టింగ్‌లు మాత్రం అలాగే ఉంటాయి. ఇండెక్స్ ఇచ్చే ఫైండ్ కూడా లోపల రీసెట్ చేస్తుంది. పై వర్డ్ బౌండరీ ప్యాటర్న్‌తోనే ఫైండ్‌కు 1 ఇచ్చి చూడండి. రీజియన్‌ను పట్టించుకోకుండా ముందుకెళ్లి, ఇండెక్స్ 5 దగ్గరున్న 15ని పట్టుకొస్తుంది.